మార్కోనీ నుంచి మన జేబు దాకా: వైర్‌లెస్ కథ

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ల కోసం, అందులో చెప్పిన మాటల్నే కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాను. చదివాక రూమ్‌లో వాళ్లకూ చెప్పండి.

సనయ్యలో ఉండేవాళ్లకు ఏషియన్ టౌన్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 13,000 మంది పట్టే క్రికెట్ స్టేడియం, మాల్, సినిమా హాళ్లు, శుక్రవారం సాయంత్రం ఇసుక వేస్తే రాలనంత జనం. 2022 ప్రపంచ కప్పప్పుడు పెద్ద తెర పెట్టి మనకు మ్యాచ్‌లు చూపించింది కూడా ఆ స్టేడియంలోనే.

ఆ జనంలో నడిచే ఒక్క మనిషిని తీసుకుందాం. చెవిలో బ్లూటూత్. చేతిలో ఫోన్, దాంట్లో సిమ్. షాపు ముందు ఆగితే వైఫై. దారి చూపడానికి జీపీఎస్. పర్సులో మెట్రో కార్డు. మొత్తం ఐదు రకాలు. ఐదూ కంటికి కనబడని రేడియో పనులే. మరి ఒక్కటి సరిపోదా, ఇన్నెందుకు?

మొన్న ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్‌లో ఇంకో మాట అడిగాడు: "అన్నా, నేను బ్లూటూత్‌లో మా ఇంటావిడతో మాట్లాడేది పక్క బెడ్ వాళ్లకు వినబడుతుందా?" ఈ రెండు ప్రశ్నలూ ఒక్క దగ్గరే కలుస్తాయి. మన మాట ఎంత దూరం పోతుంది, అవతల ఎవరి చేతికి చిక్కుతుంది అన్న దగ్గర.

మొదట్లో కోరిక సముద్రం దాటాలని

1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ అందరి ముందూ ఒక ప్రయోగం చేసి చూపించాడు. తీగ లేకుండా పంపిన తరంగంతో గోడ అవతల గంట మోగింది, మందుగుండు పేలింది. ఆయన వాడిన తరంగాలు చాలా పొట్టివి, మిల్లీమీటర్లలో కొలిచేవి.

లోకం మాత్రం అప్పుడు పొడవాటి తరంగాల వెంట పడింది. కారణం, ఓడలూ సముద్రాలూ. 1901 డిసెంబర్ 12న మార్కోనీ, ఇంగ్లాండ్ నుంచి పంపిన 'ఎస్' అక్షరం సంకేతం కెనడా వైపు ఉన్న న్యూఫౌండ్‌ల్యాండ్‌లో తనకు అందిందని ప్రకటించాడు. మన దోహా నుంచి హైదరాబాద్ దూరం కంటే అది ఇంకాస్త ఎక్కువే. అంతదూరం పంపాలంటే ఎత్తయిన స్తంభాలు, గదినిండా యంత్రాలు కావాలి. జేబులో పట్టే పని కాదు.

సముద్రం మళ్లీ తీగకే దక్కింది

చరిత్ర ఇక్కడ ఒక తమాషా చేసింది. 1988లో అట్లాంటిక్ అడుగున మొదటి ఫైబర్ కేబుల్ వేశారు. జుట్టంత సన్నటి గాజు పోగులో వెలుతురుగా మాట పోతుంది. ఆ తర్వాత వరసగా అన్ని సముద్రాల్లోనూ కేబుళ్లే.

ఇవాళ మీరు క్యాంపులో కూర్చొని ఇంటికి వీడియో కాల్ చేస్తే, చెవి నుంచి ఫోన్ దాకా రేడియో, ఫోన్ నుంచి రౌటర్ దాకానో టవర్ దాకానో రేడియో. తర్వాత నేలలో కేబుల్, సముద్రం అడుగున కేబుల్. ఊళ్లో టవర్ నుంచి అమ్మ చేతిలో ఫోన్ దాకా మళ్లీ రేడియో. వేల కిలోమీటర్ల దారిలో గాలిలో పోయేది రెండు కొసల్లోనే.

ఇది 2008లో బాగా తెలిసొచ్చింది. జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్లు తెగాయి. రెండు రోజుల తర్వాత దుబాయ్ దగ్గర ఫాల్కన్ అనే కేబుల్ తెగింది. బాగు చేయడానికి పోయిన ఓడకు అక్కడ ఎవరో వదిలేసిన టన్నుల బరువు లంగరు దొరికింది. గల్ఫ్‌లోనూ ఇండియాలోనూ ఇంటర్నెట్ రోజుల తరబడి పడుతూ లేస్తూ నడిచింది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా మాట పోకపోవడానికి ఇలాంటి కారణం కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

దూరం తగ్గించుకున్న కాలం

సముద్రాన్ని తీగకు వదిలేశాక రేడియోకు కొత్త పని దొరికింది. అది దగ్గరి పని.

1985లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ కొన్ని తరంగాలను లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది దాదాపు అక్కడే. పెద్ద కంపెనీలకు పనికిరాదనుకున్న ఆ పోరంబోకు జాగాలోనే వైఫై, బ్లూటూత్ రెండూ ఇల్లు కట్టుకున్నాయి.

వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. పేరు 1999లో పెట్టారు. దాని పని ఒక ఇంటికో షాపుకో సరిపడా దూరం, బోలెడంత డేటా.

బ్లూటూత్ 1994లో స్వీడన్‌లో ఎరిక్‌సన్ కంపెనీలో మొదలైంది. ఫోన్‌కూ హెడ్‌సెట్‌కూ మధ్య వైరు తీసేయాలన్నది ఆలోచన. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హారల్డ్ బ్లూటూత్ పేరు దానికి పెట్టారు. ఆ రాజు తెగలను కలిపినట్టు ఇది పరికరాలను కలుపుతుందని. ఫోన్‌లో కనబడే ఆ గుర్తు, పాత లిపిలో ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలు.

బలం తేడా చూడండి. పాత 2జీ ఫోన్ కిలోమీటర్ల అవతలి టవర్‌కు అరవడానికి గరిష్ఠంగా 2 వాట్లు వాడేది. మామూలు హెడ్‌సెట్ బ్లూటూత్‌కు 2.5 మిల్లీవాట్లు చాలు, అంటే 800వ వంతు. అందుకే బఠాణీ గింజంత బ్యాటరీతో గంటలు నడుస్తుంది, పది మీటర్లు దాటితే ఆగిపోతుంది. మూడూ ఒకేసారి కుదరవు: ఎక్కువ దూరం, ఎక్కువ డేటా, తక్కువ కరెంటు. ఇన్ని రకాలు పుట్టింది అందుకే.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. బ్లూటూత్ మాట ఒక్క చోట నిలబడదు. సెకనుకు 1,600 సార్లు ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కు దూకుతుంది. 1942లో హాలీవుడ్ నటి హెడీ లమార్, ఒక సంగీత దర్శకుడితో కలిసి ఇలా దూకే పద్ధతికే పేటెంటు తీసుకుంది. టార్పెడోల సంకేతాన్ని శత్రువు అడ్డుకోకుండా ఉండాలని. దూకుడు ఒక్కటే కాదు, పెయిర్ చేశాక మాటకు తాళం కూడా పడుతుంది. కాబట్టి పక్క బెడ్ వాళ్లకు వినబడేది నీ గొంతే తమ్ముడూ, బ్లూటూత్ కాదు. తెలియని పరికరం పెయిర్ అడిగితే మాత్రం ఒప్పుకోకు.

క్యాంపులో వైఫై రాత్రి పది గంటలకు ఎందుకు నీరసపడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వైఫైలో అందరూ వంతులవారీగా మాట్లాడాలి. 2.4లో ఒకదానికొకటి తగలని ఛానెళ్లు మూడే. ప్రతి రూమ్‌కూ ఒక రౌటర్, రూమ్‌కు ఎనిమిది ఫోన్లు ఉంటే వంతు ఎప్పటికి వస్తుంది? రౌటర్ ఉన్న గదిలోనే ఉంటే 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకోండి. జాగా ఎక్కువ, కానీ గోడ దాటితే బలం తగ్గుతుంది.

వేలెడు దూరం, ఆకాశమంత దూరం

మెట్రో కార్డులో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గర పెట్టగానే గేటులోని తీగచుట్ట నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రమే కార్డు చిప్‌కు కరెంటు ఇస్తుంది. కొన్ని సెంటీమీటర్లు దాటితే పనిచేయదు, కావాలనే అలా చేశారు. ఫోన్లలో ఉండే ఎన్‌ఎఫ్‌సీ ఈ జాతిదే, 2002లో సోనీ, ఫిలిప్స్ కలిసి మొదలుపెట్టాయి.

జీపీఎస్ దీనికి పూర్తి ఎదురు. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అయినా మన ఫోన్ వాటికి ఏమీ చెప్పదు, ఊరికే వింటుంది. విని, తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కను ఇంకొకరికి పంపేది ఫోన్‌లోని యాప్.

2020లో తెలిసొచ్చింది

2020 మార్చిలో కరోనా వల్ల సనయ్యలో కొంత భాగాన్ని మూసేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మే 22 నుంచి ఖతార్‌లో ఇల్లు కదిలితే ఎహ్తెరాజ్ యాప్ తప్పనిసరి అయింది. పచ్చ రంగు కనబడితేనే లోపలికి. ఎవరి పక్కన ఎవరున్నారో పట్టడానికి అది బ్లూటూత్‌నూ, మనం ఉన్న చోటునూ వాడుకుంది. సింగపూర్‌లో, మన ఇండియాలో ఆరోగ్య సేతులో కూడా బ్లూటూత్‌నే వాడారు. హెడ్‌సెట్ వైరు తీయడానికి పుట్టిన పది మీటర్ల అల, మనిషిని మాల్‌లోకి పంపాలా వద్దా అని తేల్చే పనికి వచ్చింది.

అదే నెలలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆ యాప్‌లో ఒక లోపం బయటపెట్టింది. పది లక్షల మందికి పైగా పేర్లు, ఐడీ నంబర్లు, ఆరోగ్య వివరాలు ఇతరుల చేతికి చిక్కే వీలుందని చెప్పింది. చెప్పగానే అధికారులు సరిచేశారు. ఇక్కడ ఒక సంగతి చూడండి. లోపం బ్లూటూత్ అలలో లేదు. వివరాలన్నీ ఒకచోట చేర్చిన సర్వర్ దారిలో ఉంది.

నాకు ఈ కథంతా చెప్పేది ఇదే. నూట ఇరవై ఏళ్లలో తరంగం సముద్రం నుంచి వేలికొస దాకా కురచయింది. సమాచారం మాత్రం కురచ కాలేదు. అల పది మీటర్లకు ఆగొచ్చు, దాన్ని విన్న యాప్ ఆగదు. అందుకని ఈ శుక్రవారం ఫోన్ సెట్టింగ్స్‌లో లొకేషన్, బ్లూటూత్ అనుమతులు ఏయే యాప్‌లకు ఇచ్చారో ఒకసారి చూడండి. టార్చిలైట్ యాప్‌కు మీరెక్కడున్నారో ఎందుకు?

వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్లు అందని కాలం, క్యాసెట్లలో మాటలు నింపి ఇంటికి పంపుకున్న కాలం గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్ ఉంటే ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటాను మరి, జాగ్రత్త.