దంత వైద్య విద్య వ్యయం (తెలంగాణ)

తెలంగాణలో బీడీఎస్ ఖర్చును ఎంబీబీఎస్ ఖర్చుతో పోల్చడంలో రెండు వాదాలున్నాయి. ఫీజుల పట్టికను బట్టి చూస్తే దంత వైద్యమే చవక. ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీటుకు ఏడాదికి రూ.60,000, బీడీఎస్ సీటుకు రూ.45,000 చాలాకాలం అమలైన మొత్తాలు. యాజమాన్య కోటాలో ఎంబీబీఎస్ ఫీజు రూ.11.5 లక్షలు దాటింది. బీడీఎస్ ఫీజు అందులో సగంలోపే. పైఖర్చులనూ, పట్టా చేతికొచ్చాక వచ్చే రాబడినీ కలిపి లెక్కగట్టేవారు దీన్ని ఒప్పుకోరు. వారి వాదమే వాస్తవానికి దగ్గరగా కనిపిస్తుంది.

తేడా ప్రధానంగా ప్రభుత్వ సీట్ల దగ్గర మొదలవుతుంది. 2014లో ఐదు ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలు, జిల్లాకొకటి అన్న విధానంతో 2023 నాటికి 26 అయ్యాయి. ప్రభుత్వ దంత వైద్య కళాశాల మాత్రం నేటికీ హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనిది ఒక్కటే. అది ఉస్మానియా వైద్య కళాశాల విభాగంగా మొదలైందంటారు. అందుకు సాధారణంగా చెప్పే సంవత్సరం 1959. అక్కడ సీటు రానివారికి పానినీయ, మల్లారెడ్డి, మొయినాబాద్ దగ్గరి శ్రీ బాలాజీ వంటి ప్రైవేటు కళాశాలలే గతి.

పట్టికలో కనిపించని ఖర్చు పనిముట్లది. మొదటి ఏడాదే మైనంతో పళ్లు చెక్కే కార్వర్లు కొనాలి. తర్వాత కృత్రిమ దంతాల నమూనాలు, ఎయిరోటర్, పళ్లు పీకే ఫోర్సెప్స్ వరుసగా వస్తాయి. వీటిలో చాలావరకు విద్యార్థే కొనుక్కోవాలి. మూడో, నాలుగో సంవత్సరాల్లో ఇన్ని పళ్లు పీకాలి, ఇన్ని ఫిల్లింగులు చెయ్యాలి, ఇన్ని కట్టుడు పళ్ల సెట్లు కట్టాలి అని కోటా ఉంటుంది. అది పూర్తి చేయడానికి రోగులను వెతికి తెచ్చుకోవడం, కొన్నిచోట్ల వారి ఛార్జీలు తామే భరించడం విద్యార్థులకు మామూలే. ఎంబీబీఎస్ విద్యార్థికి ఈ బాధ దాదాపు లేదు. పేద కుటుంబాల పిల్లలను నిజంగా కుంగదీసేది ఫీజుకన్నా ఈ ఖర్చే. 2008 నుంచి అమల్లో ఉన్న ఫీజు రీయింబర్స్‌మెంట్ దీనికి వర్తించదు.

ఇక ఫీజుల విషయానికొస్తే, వాటిపై నడిచిన కోర్టు వివాదాల్లో తెలుగు నేల పేరు కనీసం రెండుసార్లు వినిపించింది. సీట్లను ఉచిత, చెల్లింపు సీట్లుగా విడదీసిన 1993 నాటి సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2017లో ఆంధ్రప్రదేశ్ ఎంబీబీఎస్ ఫీజును రూ.24 లక్షలకు పెంచితే, విద్య లాభార్జన వ్యాపారం కాదంటూ 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పెంపును తోసిపుచ్చింది.

ఇక రాబడి సంగతి. 1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం వచ్చాక పెరిగిన హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో దంత క్లినిక్కులు కిక్కిరిసి ఉన్నాయి. సొంత క్లినిక్ పెట్టాలంటే కుర్చీ, ఎక్స్‌రే, అద్దె అన్నీ భారమే. అందుకే చాలామంది కొత్త పట్టభద్రులు ఎవరో ఒకరి క్లినిక్‌లో జీతానికి కుదురుతారు. మరికొందరు అదే ఐటీ ప్రాంతంలో మెడికల్ కోడింగ్, ఔషధ భద్రత ఉద్యోగాల్లో చేరుతున్నారు. ఐదేళ్ల చికిత్సా శిక్షణ అలా కంప్యూటర్ తెర ముందు ముగిసిపోవడం రాష్ట్రానికీ నష్టమే.

మరో దారి విదేశం. అమెరికా వెళ్లేవారు అక్కడి దంత వైద్య లైసెన్సుకు అవసరమైన ఐఎన్‌బీడీఈ పరీక్ష రాసి, సాధారణంగా రెండు, మూడేళ్లు అక్కడి దంత కళాశాలలో మళ్లీ చదవాలి. ఆ దేశంలో లెక్క పైకి కనిపించేలాగే తిరగబడి ఉంటుంది: అప్పు చేసి చదివిన దంత వైద్య పట్టభద్రుల సగటు రుణం ఇటీవలి సంవత్సరాల్లో 3 లక్షల డాలర్లకు చేరువైంది, వైద్య పట్టభద్రులది సుమారు 2 లక్షలు.