జడ్జీలకు ఓటు వేసే దేశంలో



ఎన్నికలంటే మనకు కొత్తేమీ కాదు. ఎమ్మెల్యేకి ఓటు వేస్తాం, ఎంపీకి వేస్తాం, మునిసిపాలిటీ కౌన్సిలరుకూ వేస్తాం. కాని ఒక జడ్జీగారు గుమ్మంలో నిలబడి, “అమ్మా, ఓటు నాకే వెయ్యండి” అని అడగడం ఎప్పుడైనా చూశారా? మన దేశంలో ఆ పద్ధతి లేదు. హైకోర్టుకైనా, సుప్రీంకోర్టుకైనా న్యాయమూర్తులను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో కూడా వాషింగ్టన్ నగరంలో ఉన్న దేశపు సుప్రీంకోర్టుకు నియామకమే గాని ఎన్నిక లేదు. అయితే అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత పై కోర్టు ఉన్నాయి. యాభై రాష్ట్రాలలో 38 రాష్ట్రాలు ఆ పై కోర్టు జడ్జీలను ఏదో ఒక రకం ఎన్నికకు నిలబెడతాయి.

ఆడవాళ్ల కార్యక్రమంలో ఈ కోర్టుల గొడవ ఎందుకండీ అంటారేమో. కడుపులోని బిడ్డను ఉంచుకోవడమా, వద్దనుకోవడమా అనే మాట ఆ దేశంలో ఈ జడ్జీల ఎన్నికల దాకా వచ్చింది. అందుకే ఈ ప్రసంగం.

జడ్జీలందరినీ జనమే ఎన్నుకోవాలని మొట్టమొదట నిర్ణయించినది మిసిసిపీ రాష్ట్రం, 1832లో. 1846లో న్యూయార్క్ అదే బాట పట్టింది. తర్వాత చాలా రాష్ట్రాలు వాటిని అనుసరించాయి. గవర్నర్లు, శాసనసభ్యులు తమకు కావలసినవాళ్లనే జడ్జీలుగా పెట్టుకుంటున్నారనీ, ప్రజలు ఎన్నుకుంటే జడ్జి ఎవరి మొహమూ చూడనక్కరలేదనీ ఆనాటి వారి వాదన. వాదన బాగానే ఉంది. కాని ప్రజలంటే ఎవరనుకున్నారు? ఓటున్న మగవాళ్లే. ఆడవాళ్ల మాట ఆ లెక్కలోనే లేదు.

విస్కాన్సిన్ రాష్ట్రం సంగతి చూడండి. అది 1848లో అమెరికాలో రాష్ట్రంగా చేరింది. మొదటి నుంచీ అక్కడ జడ్జీలను ఎన్నుకోవడమే. మరుసటి ఏడాది, 1849లో, గర్భస్రావాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం చేసిన సభలో ఒక్క ఆడది లేదు. ఆ సభ్యులను ఎన్నుకున్న వాళ్లలోనూ లేదు. 1912లో ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా అని ఆ రాష్ట్రంలో మగవాళ్లను అడిగితే, వద్దనే చెప్పారు. చివరికి 1920లో దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. రెండేళ్ల తర్వాత, 1922లో, ఒహాయో రాష్ట్రపు ఓటర్లు ఫ్లారెన్స్ ఆలెన్ అనే ఆవిడను తమ సుప్రీంకోర్టుకు ఎన్నుకున్నారు. అమెరికాలో ఒక రాష్ట్రపు పై కోర్టులో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే. ఓటు కోసం ఊరూరా తిరిగిన ఆడవాళ్లే ఆవిడ కోసమూ తిరిగారు. విస్కాన్సిన్ పై కోర్టులో స్త్రీ అడుగుపెట్టడానికి మాత్రం 1976 దాకా ఆగవలసి వచ్చింది. ఆవిడ పేరు షర్లీ ఏబ్రహామ్సన్. మొదట గవర్నరు నియమించారు, 1979లో ప్రజలు ఎన్నుకున్నారు, 2019 వరకు కొనసాగారు.

ఈ మధ్యలో, 1973లో, దేశపు సుప్రీంకోర్టు ‘రో’ కేసులో తీర్పు చెప్పింది. గర్భస్రావం స్త్రీకి రాజ్యాంగం ఇచ్చిన హక్కు అన్నది. దానితో విస్కాన్సిన్ పాత చట్టం మూలపడింది. మూలపడిందే గాని ఎవరూ దాన్ని పుస్తకంలోంచి కొట్టివేయలేదు. అటక మీద పెట్టి మరిచిపోయిన పాత సామానులా అలాగే ఉండిపోయింది. 2022 జూన్ 24న అదే సుప్రీంకోర్టు 1973 తీర్పును రద్దు చేసి, ఏ రాష్ట్రం సంగతి ఆ రాష్ట్రమే చూసుకోవచ్చంది. అంతే! తల్లి ప్రాణం నిలపడానికి తప్ప గర్భం తీసిన డాక్టరుకు జైలే అనే 1849 నాటి మాట మళ్లీ లేచి కూర్చుంది. విస్కాన్సిన్‌లో క్లినిక్కులు ఆ పని ఆపేశాయి. అవసరమైన స్త్రీలు పక్కనున్న ఇల్లినాయి, మినెసోటా రాష్ట్రాలకు పరుగెత్తవలసి వచ్చింది. సెలవు దొరకనివాళ్లు, చేతిలో డబ్బు లేనివాళ్లు, చంకలో మరో పసిబిడ్డ ఉన్నవాళ్లు ఏమవుతారో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇదుగో, ఇక్కడే జడ్జీల ఎన్నిక వచ్చింది. ఆ రాష్ట్రపు పై కోర్టులో ఏడుగురు జడ్జీలు. ఒక్కొక్కరికి పదేళ్ల పదవి. 2023 ఏప్రిల్‌లో ఒక స్థానానికి ఎన్నిక జరిగింది. గర్భం విషయంలో నిర్ణయం స్త్రీదే కావాలన్నది తన సొంత అభిప్రాయమని జేనెట్ ప్రొటసేవిచ్ దాచుకోకుండా చెప్పారు. మామూలుగా ఈ ఎన్నికలకు జనం అట్టే రారు. ఆ ఏడు మాత్రం 18 లక్షల మందికి పైగా వచ్చారు. ఆవిడ సుమారు 55 శాతం ఓట్లతో నెగ్గారు. ఆవిడ చేరాక, పాత చట్టం కేసు కింది కోర్టునుంచి పై కోర్టుకు చేరింది. 2025 జూలై 2న తీర్పు వచ్చింది. తర్వాతి కాలంలో శాసనసభ ఈ విషయమై ఎన్నో చట్టాలు చేసింది కనుక 1849 నాటి నిషేధం ఇక చెల్లదని నలుగురన్నారు. ముగ్గురు కాదన్నారు. ఒక్క ఓటు తేడా! ఇరవై వారాల గడువు, ఒక రోజు ఆగాలన్న నియమం వంటి ఆంక్షలు అలాగే ఉన్నాయి. నూట డెబ్బై ఆరేళ్ల నిషేధం మాత్రం పోయింది.

ఆ తీర్పిచ్చిన నలుగురూ స్త్రీలే. కాదన్న ముగ్గురిలోనూ ఇద్దరు స్త్రీలే సుమండీ! కనుక కుర్చీలో ఆడది ఉంటే చాలు, మన పని అయిపోయినట్లే అనుకోకూడదు.

మరి జడ్జీలను ఎన్నుకోవడం మంచిదేనా? ఇందులో చేదు కూడా ఉంది. 2023లో ఆ ఒక్క కుర్చీ కోసం రెండు పక్షాలూ కలిసి 5 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. 2025 ఏప్రిల్‌లో మరో కుర్చీకి ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లకు చేరింది. ఎలాన్ మస్క్ అనే కోటీశ్వరుడు సభ పెట్టి ఇద్దరు ఓటర్లకు పదేసి లక్షల డాలర్ల చెక్కులు ఇచ్చాడు. అయినా ఆయన బలపరిచిన అభ్యర్థి ఓడిపోయాడు, సూసన్ క్రాఫర్డ్ నెగ్గారు. సరే, ఈసారి డబ్బు ఓడిపోయింది. ప్రతిసారీ ఓడుతుందని ఎవరు హామీ ఇస్తారు? కేసు వినకముందే జడ్జి తన మనసులో మాట చెప్పి ఓటడిగితే, రేపు ఓడినవాడికి కోర్టు మీద నమ్మకం ఎలా కుదురుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం.

పోనీ, ప్రజలకు వదలకుండా పెద్దలే ఎంచితే? సౌత్ కెరొలైనాలో జడ్జీలను శాసనసభ్యులే ఎన్నుకుంటారు. 2023 జనవరిలో అక్కడి పై కోర్టు ముగ్గురి మాట మీద గర్భస్రావ నిషేధాన్ని కొట్టివేసింది. ప్రధాన తీర్పు రాసినది ఆ కోర్టులో అప్పటికున్న ఒకే ఒక స్త్రీ, కే హర్న్. వయసు నిండి ఆవిడ పదవీ విరమణ చేశారు. ఆ స్థానంలో శాసనసభ ఒక మగ జడ్జిని ఎన్నుకుంది. మే నెలలో అదే ధోరణిలో మరో చట్టం చేసింది. ఆగస్టులో, అందరూ మగవాళ్లే ఉన్న ఆ కోర్టు, నలుగురి మాట మీద అది చెల్లుతుందన్నది. ఆరు వారాలకే గడువు! అంటే నెల తప్పిందో లేదో చాలామందికి సరిగా తెలియని సమయం. ఒక్కరు లేచి వెళితే, ఎనిమిది నెలల్లో తీర్పు తలకిందులైంది.

మన పార్లమెంటు 1971లోనే గర్భస్రావ చట్టం చేసింది. మన అమ్మాయిలు ఎందరో ఇవాళ ఆ దేశంలో కాపురాలు చేస్తున్నారు. పురుడు పోసుకున్నా, గర్భం నిలవక ఆపదలో పడ్డా, డాక్టరు ఏ పాటి వైద్యం చేయగలడన్నది వాళ్లున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అక్కడి పౌరులైనవాళ్లకు ఓటూ ఉంటుంది. ఈసారి ఫోనులో మాట్లాడేటప్పుడు పిల్లల సంగతీ, వంటల సంగతీ అయ్యాక, “మీ రాష్ట్రంలో జడ్జీలకు ఎన్నిక ఎప్పుడే?” అని కూడా అడగండి. 1849లో ఆ చట్టం చేసిన రోజున అక్కడి ఆడవాళ్లను ఆ మాట అడిగే అవసరం ఎవరికీ కలగలేదు.