ప్లేట్‌లెట్
డెంగీ పుణ్యమా అని ‘ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?’ అన్నది మన ఇళ్లలో పరామర్శ మాటైపోయింది. ఈ పేరు మూలం ఇటలీలో ఉంది. 1882లో ట్యూరిన్ వైద్యుడు జూలియో బిజ్జోజెరో బతికున్న జంతువుల రక్తనాళాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ, గాయమైన చోట గుమిగూడి అతుక్కునే చిన్న బిళ్లలకు ‘పియాస్త్రీనె’ అని పేరుపెట్టాడు. అంటే చిన్న పలకలు. ఇంగ్లిషు ప్లేట్‌లెట్, మన పాఠ్యపుస్తకాల్లోని రక్తఫలకిక ఆ అర్థాన్నే మోస్తున్నాయి.

అయితే ఆ పేరు విశ్రాంతిలో ఉన్న రూపానికే సరిపోతుంది. ఉత్తేజితమైతే పలక ముళ్లు దేలుతుంది; లోపల దాచుకున్న పి-సెలెక్టిన్ అనే ప్రొటీన్ పైకి వస్తుంది. గడ్డ వల్ల వచ్చే మెదడుపోటులో (స్ట్రోక్) ఈ తేడా ప్రాణాలతో ముడిపడినది. మైక్రోలీటరుకు ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గితే, రక్తస్రావం భయంతో గడ్డ కరిగించే మందుకు వైద్యులు సాధారణంగా వెనకాడతారు. ఆ సంఖ్య ఎన్నున్నాయో చెబుతుంది గానీ, ఎంత ఉద్రేకంగా ఉన్నాయో చెప్పదు. అందుకే పరిశోధకులు పి-సెలెక్టిన్‌ను, ప్లేట్‌లెట్ల సగటు పరిమాణాన్ని గమనిస్తున్నారు. గడ్డ కడుతుందా, రక్తం చిందుతుందా అన్నది ముందే పసిగట్టాలని వాళ్ల తపన. రోగి మంచం పక్కన చికిత్సను నిర్ణయించేంత భరోసా మాత్రం ఆ గుర్తులకు ఇంకా రాలేదు.