కుంచించుకుపోయిందా, ముందే చిన్నదా? మానసిక ఆఘాతం గురించి కవలలు చెప్పిన సాక్ష్యం

తీవ్రమైన ఆఘాతం తగిలితే మెదడు కుంచించుకుపోతుందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. ఆరోగ్య వీడియోల్లో, పత్రికల వారాంతపు పేజీల్లో ఈ మాట తరచూ కనబడుతోంది. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. "గుండె దిటవు చేసుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అని తేల్చేసే ఇంట్లోవాళ్లకు బాధ నిజమని నచ్చజెప్పడానికి మెదడు స్కాన్ కన్నా గట్టి సాక్ష్యం దొరకదు. కానీ అత్యాచారానికి గురైన అమ్మాయికో, రోడ్డు ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికో అదే మాట మరోలా వినిపించవచ్చు. నా మెదడు చెడిపోయింది, ఇక బాగుపడను అని ఆమె అనుకుంటే ఆ తప్పు ఆమెది కాదు. అందుకే ఆ మాట వెనుక ఆధారం ఎంతుందో జాగ్రత్తగా తూచాలి.

అమెరికా మనోవైద్యుల సంఘం ఆఘాతానంతర ఒత్తిడిని, అంటే పీటీఎస్‌డీని ఒక రుగ్మతగా తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది 1980లో. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల అవస్థ అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. జరిగింది కళ్లముందు మళ్లీ మళ్లీ మెదలడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ చోటికి వెళ్లలేకపోవడం, మనసు మొద్దుబారడం దీని లక్షణాలు. ఇవి నెల దాటినా తగ్గక, రోజువారీ బతుకుకు అడ్డుపడితేనే ఆ పేరు పెడతారు.

1995లో జె. డగ్లస్ బ్రెమ్నర్ బృందం పీటీఎస్‌డీ ఉన్న 26 మంది వియత్నాం సైనికుల మెదళ్లను ఎంఆర్ఐతో కొలిచింది. జ్ఞాపకాలను కాలానికీ చోటుకీ ముడిపెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం కుడివైపున, పోలిక కోసం తీసుకున్నవారి కన్నా 8 శాతం చిన్నదిగా కనిపించింది. దీర్ఘకాలం ఒత్తిడి హార్మోన్లకు గురైతే జంతువుల్లో ఈ భాగం దెబ్బతింటుందని అప్పటికే తెలుసు. రెండూ కలిపి చూస్తే కథ సులువుగా కుదిరింది. యుద్ధం ఒత్తిడి తెచ్చింది, ఒత్తిడి మెదడును తినేసింది. అయితే ఒకసారి తీసిన స్కాన్ ముందు ఏముందో చెప్పదు. యుద్ధానికి వెళ్లకముందు ఆ సైనికుల హిప్పోక్యాంపస్ ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు.

ఈ చిక్కును విడదీయడానికి మార్క్ గిల్బర్ట్‌సన్, రోజర్ పిట్‌మన్ తదితరులు ఒకే అండం నుంచి పుట్టిన కవలలను ఎంచుకున్నారు. ప్రతి జంటలో ఒకరు వియత్నాంలో పోరాడినవారు, ఇంకొకరు యుద్ధం చూడనివారు. యుద్ధమే హిప్పోక్యాంపస్‌ను తగ్గిస్తే, దాన్ని చూడని సోదరుడిలో అది మామూలుగా ఉండాలి. 2002లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం అలా లేదు. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న సైనికుడి హిప్పోక్యాంపస్ చిన్నదైతే, యుద్ధానికి వెళ్లని అతని కవల సోదరుడిదీ చిన్నదే. పైగా సైనికుడి లక్షణాల తీవ్రత అతని సోదరుడి హిప్పోక్యాంపస్ పరిమాణంతోనూ ముడిపడి కనిపించింది. అంటే అది యుద్ధం చేసిన గాయం కాకపోవచ్చు. గాయం లోతుగా దిగడానికి వీలిచ్చిన ముందటి స్థితి కావచ్చు.

దీన్నిబట్టి అది పుట్టుకతో వచ్చిన లోపమని తేల్చెయ్యకూడదు. కవలలు జన్యువులతోపాటు బాల్యాన్ని కూడా పంచుకుంటారు. ఒకే ఇల్లు, ఒకే తండ్రి కోపం, ఒకే లేమి. ఆ ఇంట్లో జరిగినదేదో ఇద్దరి మెదళ్లపైనా ముద్ర వేసి ఉండవచ్చు. పైగా వీళ్లంతా మగవాళ్లు, సైనికులు, ఒక దేశంవాళ్లు. ఇన్ని పరిమితులున్నా, 'ఆఘాతం మెదడును తగ్గించింది' అని తడుముకోకుండా చెప్పే హక్కును ఈ అధ్యయనం మన దగ్గర్నుంచి తీసేసుకుంది.

తేడా ఎంతటిది అన్నది ఇంకో ప్రశ్న. 2018లో పలు దేశాల పరిశోధకులు కలిసి 16 బృందాలకు చెందిన 1,868 మంది స్కాన్లను ఒకే పద్ధతిలో విశ్లేషించారు. వారిలో 794 మందికి పీటీఎస్‌డీ ఉంది. హిప్పోక్యాంపస్ సగటున చిన్నదేనని తేలింది, కానీ తేడా ప్రామాణిక విచలనంలో 0.17 వంతు మాత్రమే. పీటీఎస్‌డీ ఉన్న ఒకరినీ లేని ఒకరినీ చీటీ తీసినట్టు ఎంచుకుంటే, ఉన్నవారి హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉండే అవకాశం నూటికి 55 దాకా వస్తుంది. నాణెం ఎగరేస్తే 50. ఇంత చిన్న తేడాతో ఒక మనిషి స్కాన్ చూసి అతని గతాన్ని చదవలేం. ఆఘాతం ఆనవాళ్లు చూపిస్తామని స్కాన్లు అమ్మేవాళ్లకు డబ్బు కట్టనక్కర్లేదు.

అలాగని ఒత్తిడి మెదడును ఏమీ చెయ్యదనుకోవడమూ పొరపాటే. ఈ విషయంలో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలపై చేసిన పని ఇంకా విస్తృతంగా తెలియాల్సింది. పది రోజులు రోజుకు రెండు గంటలపాటు కదలనివ్వకుండా ఉంచితే హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు తగ్గాయి. భయాన్ని పసిగట్టే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఒత్తిడి ఆపి మూడు వారాలు వదిలేస్తే హిప్పోక్యాంపస్ మార్పులు సర్దుకున్నాయి, అమిగ్డలావి సర్దుకోలేదు. 2005లో వచ్చిన మరో ఫలితం నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. ఒక్కసారే రెండు గంటలు ఒత్తిడికి గురిచేస్తే మర్నాడు అమిగ్డలాలో ఏ మార్పూ లేదు. పది రోజుల తర్వాత చూస్తే కణాల మధ్య కొత్త అనుసంధానాలకు తావిచ్చే మొలకలు పెరిగాయి, ఎలుకల బెదురూ పెరిగింది. ప్రమాదం జరిగిన రోజు నిబ్బరంగా కనిపించిన మనిషి రెండు వారాలకు నిద్రపట్టక అల్లాడితే, అది నటనని అనుమానించే ముందు ఈ ఫలితాన్ని గుర్తుచేసుకోవాలి. ఎలుక మనిషి కాదు కాబట్టి ఇది రుజువు అనను. ఆలోచించదగ్గ సూచన అంటాను.

ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ విషయంలో కూడా సులువైన కథ నిలబడలేదు. ఆఘాతం పాలైనవారిలో ఆ హార్మోన్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని వింటాం. పీటీఎస్‌డీ ఉన్న సైనికుల్లో అది తక్కువగా ఉందని 1986లో జాన్ మేసన్ బృందం చూపింది. తర్వాతి అధ్యయనాలన్నింటినీ కలిపి 2007లో లెక్కిస్తే మొత్తం మీద తేడా తేలలేదు.

శరీరం దగ్గరకు వచ్చేసరికి కవలల సాక్ష్యం దిశ మార్చుకుంటుంది. వియోలా వక్కారినో బృందం వియత్నాం కాలపు సైనికులైన 281 జతల కవలలను సుమారు 13 ఏళ్లు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించింది. పీటీఎస్‌డీ ఉన్నవారిలో 22.6 శాతం మందికి గుండె రక్తనాళాల జబ్బు వచ్చింది. లేనివారిలో అది 8.9 శాతం. ఒకరికి పీటీఎస్‌డీ ఉండి ఇంకొకరికి లేని జంటల్లో సోదరుణ్ణి సోదరుడితో పోల్చినా తేడా పోలేదు: 22.2 శాతం, 12.8 శాతం. కొంత తగ్గింది కాబట్టి కుటుంబం నుంచి, జన్యువుల నుంచి వచ్చిన పాలు ఉంది. మిగిలినదాన్ని వాటి మీదకు నెట్టలేం. నిద్రలేమి, పొగతాగడం, ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే నాడీవ్యవస్థ, రక్తనాళాల్లో వాపు అందుకు దారులు కావచ్చు. ఏ దారి ఎంత అన్నది తేలలేదు. కండరాల్లో జ్ఞాపకాలు దాగి ఉంటాయన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. జ్ఞాపకం మెదడు పని. అది లేచినప్పుడు గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం శరీరమంతటా జరుగుతాయి. పీటీఎస్‌డీ ఉన్న మనిషికి రక్తపోటు, చక్కెర కూడా చూడటం వైద్యంలో భాగం కావాలంటే ఈ కవలల ఫలితమే చాలు.

ఇక కోలుకోవడం. అమెరికాలో అత్యాచార బాధితులను వారం వారం కలుస్తూ బార్బరా రాత్‌బామ్ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనంలో, ఘటన జరిగిన 12 రోజుల ప్రాంతంలో 94 శాతం మందికి పీటీఎస్‌డీ లక్షణాలు ఉన్నాయి. మూడు నెలలకు అవి 47 శాతం మందిలో మిగిలాయి. ఈ రెండు అంకెలనూ కలిపే చదవాలి. మొదటి వారాల్లో ఆ బాధ దాదాపు అందరికీ వస్తుంది, అది బలహీనత కాదు. సగం మందికి ప్రత్యేక చికిత్స లేకుండానే తగ్గుముఖం పట్టింది. మిగిలిన సగాన్ని కాలమే మాన్పుతుందని వదిలెయ్యడం అన్యాయం.

తొలి రోజుల్లో ఏం చెయ్యాలన్నదానిపై మంచి మనసు కూడా దారి తప్పింది. జరిగిందంతా వెంటనే చెప్పిస్తే భారం దిగుతుందన్న నమ్మకంతో ఒకే విడత 'డీబ్రీఫింగ్' ఒకప్పుడు విరివిగా చేశారు. 1997లో జొనాథన్ బిస్సన్ బృందం కాలిన గాయాల రోగులపై దీన్ని పరీక్షించింది. 13 నెలలకు డీబ్రీఫింగ్ చేయించుకున్నవారిలో 26 శాతం మందికి, చేయించుకోనివారిలో 9 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. మొదటి గుంపువారి గాయాలు కొంత తీవ్రమైనవి కాబట్టి తేడా అంతా డీబ్రీఫింగ్ వల్లే అనలేం. అయినా రోడ్డు ప్రమాద బాధితులపై మూడేళ్లు సాగి 2000లో వచ్చిన అధ్యయనమూ ఇదే దిశ చూపింది. మన పరామర్శల గురించి ఈ పరిశోధనలేవీ చెప్పవు. పక్కన కూర్చోవడం, అన్నం పెట్టడం, చెప్పుకుంటే వినడం వేరు. ఒళ్లు ఇంకా వణుకుతున్న మనిషి ముందు మైకు పెట్టి "ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పండి" అనడం వేరు. రెండోది మానెయ్యడానికి మరో అధ్యయనం కోసం ఆగక్కర్లేదని నా అభిప్రాయం.

నెలలు గడిచినా తగ్గనివారికి శిక్షణ పొందినవారి దగ్గర, క్రమంగా, భద్రంగా ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్సలు పనిచేస్తాయి. ఎడ్నా ఫోవా రూపొందించిన ఎక్స్‌పోజర్ చికిత్స వాటిలో ఎక్కువగా పరీక్షించినది. ఆఘాతంపై దృష్టి పెడుతూ ఆలోచననూ ప్రవర్తననూ సరిదిద్దే సీబీటీని, కళ్ల కదలికల సాయంతో జ్ఞాపకాన్ని తలుచుకునే ఈఎండీఆర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. మొదటి నెలలోని ఆఘాత లక్షణాలకు బెంజోడయజిపైన్లు ఇవ్వవద్దనీ చెప్పింది. మన దగ్గర అలాంటి నిద్రమాత్రలు ఎంత తేలిగ్గా చేతికి వస్తాయో తెలిసినవారికి ఈ హెచ్చరిక బరువు అర్థమవుతుంది. ఈ చికిత్సల్లో పాత భయం చెరిగిపోదని, దాని పక్కనే 'ఇప్పుడు ప్రమాదం లేదు' అన్న కొత్త నేర్పు బలపడుతుందని ప్రస్తుత అవగాహన. బాగుపడటానికి హిప్పోక్యాంపస్ పెరిగి తీరాలన్న షరతు ఏదీ లేదు.

చికిత్స చేసేవాళ్లేరి అన్నది మన ముందున్న అసలు ప్రశ్న. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ జాబితాలో లేవు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది చనిపోయినప్పుడు పీటీఎస్‌డీ అన్న నిర్ధారణే ఇంకా పుట్టలేదు. పొరుగున మాత్రం లెక్కలున్నాయి. 2004 సునామీ తర్వాత రెండు నెలలకు తమిళనాడులోని ఒక మత్స్యకార గ్రామంలో 12.7 శాతం మందిలో, 1999 ఒడిశా తుఫాను తర్వాత ఏడాదికి కౌమార వయసువారిలో 26.9 శాతం మందిలో పీటీఎస్‌డీ కనిపించింది. వయసులు, కొలతలు, గడువులు వేరు కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 1984 భోపాల్ విషవాయువు ప్రమాదం తర్వాత బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన ఆర్. శ్రీనివాసమూర్తి, సహచరులు మానసిక వైద్యుల కోసం ఎదురుచూడకుండా అక్కడి సాధారణ వైద్యులకే శిక్షణ ఇచ్చారు. ఆ దారి సరైనదేనని తర్వాత మరోచోట బలమైన ఆధారం దొరికింది. ఉగాండాలోని శరణార్థి శిబిరంలో 277 మంది రువాండా, సోమాలియా శరణార్థులకు, వారిలోంచే ఎంచుకుని ఆరు వారాలు తర్ఫీదిచ్చిన మామూలు మనుషులు చికిత్స చేశారు. 2008 ఫలితాల ప్రకారం జీవితకథను వరుసగా చెప్పించే పద్ధతిలో 70 శాతం, మామూలు ఆఘాత కౌన్సెలింగ్‌లో 65 శాతం, కేవలం గమనిస్తూ వదిలేసినవారిలో 37 శాతం మంది పీటీఎస్‌డీ నుంచి బయటపడ్డారు. మొదటి రెండింటి మధ్య తేడా స్వల్పం, అంటే ఏ పద్ధతి అన్నదాని కన్నా ఓపిగ్గా చేసేవాళ్లు ఉండటం ముఖ్యమై ఉండవచ్చు.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అది తొలి మెట్టు. ఆరు వారాల శిక్షణతో మన ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఉగాండాలో వచ్చినటువంటి ఫలితం తేగలరా అన్నది శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీర గ్రామాల్లో పరీక్షించదగ్గ ప్రశ్న. ఫోనులో మాట్లాడినవారిని ఒక నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ పలకరించి, వారి అనుమతితో, నిద్ర, భయం, రక్తపోటు ఎలా ఉన్నాయో రాసిపెట్టే ఏర్పాటు తర్వాతి తుఫాను రాకముందే సిద్ధం కావాలి.