చెరిపిన చెయ్యి ఎవరిది? విలియం కెంట్రిడ్జ్ యానిమేషన్‌లో అపార్థీడ్ లబ్ధిదారు

విలియం కెంట్రిడ్జ్ (జననం 1955, జోహానెస్‌బర్గ్) 1989లో మొదలుపెట్టిన ‘డ్రాయింగ్స్ ఫర్ ప్రొజెక్షన్’ లఘుచిత్రాలలో చెరిపివేత జ్ఞాపకానికి ప్రతీక అన్న మాట విమర్శలో స్థిరపడిపోయింది. ఆ మాట తప్పు కాదు, చాలదు. ఆ చెరిపివేత దక్షిణాఫ్రికా వర్ణవివక్ష పాలన (అపార్థీడ్)లో లాభపడినవారి బాధ్యతను పట్టిస్తుందని ఈ వ్యాసం వాదన.

ముందు పని తీరు చూడాలి. మామూలు చేతిగీత యానిమేషన్‌లో కదలిక మారినప్పుడల్లా కొత్త బొమ్మ వేస్తారు. కెంట్రిడ్జ్ ఒక్కో సన్నివేశాన్ని గోడకు బిగించిన ఒక్కో కాగితం మీదే బొగ్గుతో గీస్తారు. కెమెరా దగ్గరకు నడిచి వెళ్లి ఒకటి రెండు ఫ్రేములు తీస్తారు. తిరిగొచ్చి గీత కొంత చెరిపి, పక్కకు జరిపి గీస్తారు. ముందే రాసిపెట్టుకున్న స్టోరీబోర్డు ఉండదు. బొగ్గు మరక పూర్తిగా పోదు కాబట్టి మనిషి కదిలిన దారంతా బూడిదరంగు జాడ మిగులుతుంది. అంటే తెర మీద మనకు కనిపించేది బొమ్మ ఒక్కటే కాదు, దాన్ని తుడిచిన చెయ్యి కూడా.

‘మైన్’ (1991)లో గని యజమాని సోహో ఎక్‌స్టైన్ పక్క మీదే కూర్చుని కాఫీ తాగబోతాడు. కాఫీ పాత్రలోని పిడిని కిందికి నొక్కగానే అది పళ్లాన్ని, మంచాన్ని చీల్చుకుని భూమిలోకి దిగి, నిద్రపోతున్న కార్మికుల మధ్య నుంచి గనిలోకి చేరుతుంది. మాటలేవీ లేవు. ఆ ఒక్క నొక్కుతో పడకగదికీ గనికీ ఉన్న లెక్క తేలిపోతుంది. కానీ ఆ కార్మికులలో ఒక్కరికీ పేరు లేదు. దీన్ని లోపమనే అనాలి.

‘ఫెలిక్స్ ఇన్ ఎగ్జైల్’ (1994)లో నాండీకి పేరుంది, చేతిలో కొలత పరికరం ఉంది. నేల మీది శవాలను చూసి నమోదు చేసేది ఆ నల్లజాతి స్త్రీయే. వార్తాపత్రికలు కప్పిన ఆ శవాలు నేలలో కలిసిపోతాయి. చివరకు తూటా తగిలి ఆమే కూలిపోతుంది. దూరంగా హోటల్ గదిలో నగ్నంగా కూర్చున్న తెల్లజాతి ఫెలిక్స్ మిగులుతాడు. సాక్షి చనిపోయి ప్రేక్షకుడు బతకడం ఈ చిత్రాల బలమూ, పరిమితీ కూడా. కెంట్రిడ్జ్ తండ్రి సిడ్నీ న్యాయవాది. పోలీసు నిర్బంధంలో చనిపోయిన అపార్థీడ్ వ్యతిరేక నేత స్టీవ్ బికో మరణ విచారణలో బికో కుటుంబం తరఫున వాదించారు. సాక్ష్యం విలువ ఆ ఇంట్లో తెలియనిది కాదు.

‘హిస్టరీ ఆఫ్ ద మెయిన్ కంప్లైంట్’ వచ్చిన 1996లోనే అపార్థీడ్ కాలపు అకృత్యాలపై దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్ బహిరంగ విచారణలు మొదలయ్యాయి. సోహో ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటాడు. కారు నడుపుతూ దారిపక్కన ఎవరినో చావగొట్టడం చూసిన జ్ఞాపకం అతని లోపల తిరుగుతుంది. తర్వాత లేచి మళ్లీ ఆఫీసు బల్ల ముందు కూర్చుంటాడు. శిక్షా లేదు, క్షమాపణా లేదు. లాఠీ పట్టినవాడికంటే ముందు, చూసీ కారు ఆపనివాడిని నిలదీసిందా చిత్రం. అపార్థీడ్‌లో వ్యాపార వర్గం పాత్రపై కమిషన్ ప్రత్యేక విచారణ జరిపింది 1997 నవంబరులో. కెంట్రిడ్జ్ బొగ్గు గీత గని యజమానిని అంతకు ఏడాది ముందే పరీక్ష మంచం ఎక్కించింది.