పొన్నంకి పిట్ట పూర్వగాథ

విశాఖపట్టణపు చేరువనున్న ఆనందపురమునకు దక్షిణమున కంబాలకొండయు, వాయవ్యమున పోనుపోను ఎత్తగుచుండు తూర్పుకనుమలును గలవు. ఇట్టి కొండచరియల పొదలక్రింద రాలుటాకులను ముక్కుతో తిరుగవేసి పురుగుల నేరుకొనుచు, జనుల కంట పడుటకంటె చెవిని పడుటయే మెండుగాగల చిన్నపక్షి పొన్నంకి పిట్ట. పచ్చని వీపు, తెల్లని కంఠము, కంటిమీదుగా సాగు నల్లని చార, గోధుమవన్నె రొమ్ము, రెక్కపై నీలిమచ్చ, పొట్టితోక క్రింద రక్తవర్ణము గల ఈ విహంగమును హిందీవారు నవరంగమనిరి. ఉభయసంధ్యలయందును కూయునది గావున తమిళులు ఆరుగంటల పిట్ట యనిరి.

ఇది గ్రంథముల కెక్కిన వైనము మిక్కిలి విచిత్రము. చెన్నపట్టణపు కోటలో వైద్యుడుగానుండిన ఎడ్వర్డ్ బక్లీ ఆ ప్రాంతపు పక్షుల చిత్రములను లండనులోని జేమ్స్ పెటివరునకు పంపగా, 1713లో జాన్ రే రచించిన పక్షిశాస్త్రగ్రంథమునకు అనుబంధముగా ఆ వివరములు అచ్చయ్యెను. అందు ఈ పక్షి తన తెలుగుపేరుతోనే నిలిచినది. ఆ పేరు దొరకు చెప్పినవాడు వేటకాడో, కోటలోని సేవకుడో, గ్రంథము చెప్పదు. 1766లో లిన్నేయసు దీనిని కాకుల పంక్తిని కూర్చుండబెట్టెను. 1816లో వియేయో యను ఫ్రెంచి పండితుడు దీనికి వేరుగా నొక ప్రజాతిని కల్పించి, దానికి పిట్ట యనియే నామకరణము చేసెను. ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వరకు గల దీని జ్ఞాతులన్నియు నేడు ఆ పేరిటి కుటుంబమునకే చెందుచున్నవి.

నెల్లూరిలో వైద్యాధికారిగానుండిన థామస్ జెర్డన్ పందొమ్మిదవ శతాబ్దమున దీనినిగూర్చి చక్కని ముచ్చట వ్రాసెను. వేసవి తొలినాళ్ళలో పడమటిగాడ్పు విసరునపుడు ఈ పక్షులు గుడిసెలలోను మేడలలోను తలదాచుకొనుననియు, తాను మొదట చూచినది మదరాసు జనరల్ ఆసుపత్రిలో చొరబడినదే యనియు, నెల్లూరిలో నిట్లే పెక్కింటిని ప్రాణములతో సంపాదించితిననియు చెప్పి, ఎగురుబలము చాలనివగుటచే వీనిని గాలియే తూర్పుకనుమలనుండి కొట్టుకొనివచ్చెనని యూహించెను. వానకారున హిమాలయపాదములందును మధ్యభారతమునను గూడుకట్టి, చలికాలము దక్షిణాపథమునను సింహళమునను గడుపు వలసపక్షి యిది యని నేడెఱుగుదుము. ఆయన చూచినవి తిరుగుప్రయాణమున నలసిన బాటసారులు కావచ్చును.

పక్షి పేరు నిలిచి, దానిని తెలిపినవాని పేరు మరుగుపడు ఈ రివాజునకు విశాఖ కనుమలలోనే యొక మినహాయింపు కలదు. ఈ మన్యపు పక్షులను ఏండ్ల తరబడి పరిశీలించిన కె. ఎస్. ఆర్. కృష్ణరాజుగారి పేరిట రిప్లీ, బీలర్ అను అమెరికను శాస్త్రజ్ఞులు 1985లో ఇచటి మట్టివన్నె పొదపిట్ట యుపజాతి కొకదానికి కృష్ణరాజుయి యని పేరిడిరి. 1987లో విశాఖపట్టణపు కనుమల పక్షులనుగూర్చి ముగ్గురును కలిసి వ్యాసము ప్రకటించిరి. బక్లీకి మాట యందించినవానికి ఇట్టి గౌరవము దక్కలేదు. కూతనుబట్టి పిట్టను పోల్చి, దాని రాకపోకల కాలమును చెప్పగల వృద్ధులు మన పల్లెలలో నేటికిని లేకపోలేదు. వారి తెలివిని గ్రంథస్థము చేయువారు, పక్షి పేరుతోపాటు చెప్పినవారి పేరునుగూడ వ్రాసికొనుట ఇకనైన విధిగా నెంచవలెను.