ఇంజనీరింగ్ డిగ్రీలో పని అనుభవం: సిన్సినాటి నుంచి పిలానీ వరకు

ఇంజనీరింగ్ విద్యార్థి పనిని ఎక్కడ నేర్చుకోవాలి? కళాశాల వర్క్‌షాపులోనా, కర్మాగారంలోనా? ఈ ప్రశ్నకు అమెరికాలో వచ్చిన ఒక జవాబును, మనదేశంలో వచ్చిన రెండు జవాబులను ఈ భాగంలో పరిశీలిద్దాం.

సిన్సినాటి ప్రయోగం

అమెరికాలోని సిన్సినాటి నగరం యంత్ర పరికరాల తయారీకి పేరుపొందింది. అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెర్మన్ ష్నైడర్ ఇలా ఆలోచించాడు: కర్మాగారాల్లో యంత్రాలు తరచూ మారుతుంటాయి, వాటన్నిటినీ కొని కళాశాలలో నెలకొల్పడం సాధ్యం కాదు. కాబట్టి విద్యార్థినే కర్మాగారానికి పంపాలి.

1906లో 27 మంది విద్యార్థులతో ‘సహకార విద్య’ మొదలైంది. ఇద్దరేసి విద్యార్థులను జతచేశారు. ఒకరు తరగతిలో ఉన్న వారం మరొకరు కర్మాగారంలో ఉంటారు. మరుసటి వారం స్థానాలు మారతాయి. కాబట్టి యజమానికి పని ఆగదు.

ఒక విషయం గమనించండి. సగం కాలం పనికే కేటాయించడంతో కోర్సు ఆరేళ్లకు పెరిగింది. ఆ అదనపు కాలాన్ని వెచ్చించవలసింది విద్యార్థే. అయితే పనికి వేతనం లభించేది. వేతనం లేకుండా వ్యవధిని మాత్రమే పెంచి ఉంటే పేద విద్యార్థి ఈ చదువులో నిలవగలిగేవాడా?

భారతదేశంలో రెండు మార్గాలు

మనదేశంలో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 1973లో సవరించి, ఇంజనీరింగ్ పట్టభద్రులను, డిప్లొమా పొందినవారిని దాని పరిధిలోకి తెచ్చారు. వారికి స్టైపెండ్‌తో కూడిన శిక్షణ లభిస్తుంది. అయితే పట్టభద్రుల విషయంలో ఈ శిక్షణ డిగ్రీ పూర్తయ్యాక వచ్చేది.

అదే 1973లో పిలానీలోని బిట్స్ సంస్థ ‘ప్రాక్టీస్ స్కూల్’ను ప్రారంభించింది. ఇందులో పరిశ్రమలో చేసిన పని డిగ్రీలో భాగమే. అధ్యాపకులు దానిని పర్యవేక్షిస్తారు. దానికి క్రెడిట్లు, గ్రేడు ఉంటాయి.

ఈ తేడా చిన్నది కాదు. డిగ్రీ తర్వాతి శిక్షణలో విద్యార్థికి ఎదురైన సందేహాలు తిరిగి తరగతికి చేరవు. డిగ్రీలోనే పని ఉంటే అవి తరగతికి వస్తాయి; పాఠాన్ని కూడా మార్చగలవు. ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్న మీలో చాలామందికి ఇది అనుభవమే. పగలు పనిలో తలెత్తిన ప్రశ్న రాత్రి పాఠం చదువుతున్నప్పుడు గుర్తుకు వస్తుంది.

కాబట్టి ఎన్ని నెలలు కలపాలన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ కాలానికి ఖర్చు ఎవరు భరిస్తారు, అందులో నేర్చుకున్నదానికి విశ్వవిద్యాలయం విలువ ఇస్తుందా అన్నవి కూడా చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సిన్సినాటిలో విద్యార్థులను జతలుగా ఎందుకు ఏర్పాటు చేశారు?
2. 1973లో మనదేశంలో మొదలైన రెండు మార్గాల మధ్య ప్రధాన భేదం ఏమిటి?